చెంబు స్నానం చేసే ఇంట్లో టబ్బు గోడలు: ఒక లీకేజీ కేసు

ఇల్లు టెక్సాస్‌లో ఒక నగర శివారులో ఉంది. 1990ల చివర్లో కట్టిన రెండంతస్తుల చెక్క ఫ్రేము ఇల్లు. పై అంతస్తు బాత్రూములో 60 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పు ఉన్న ఎనామెల్ స్టీలు టబ్బు. దానికి మూడు వైపులా గోడలు, నాలుగో వైపు కర్టెన్. గోడలకు నాలుగుంపావు అంగుళాల తెల్ల టైల్సు, ఆ కాలపు బిల్డర్లు వేసినవే. కుటుంబం తెలుగువాళ్లు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఏటా కొన్ని నెలలు వచ్చి ఉండే పెద్దవాళ్లు. గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేసి, పనికొచ్చేవి మాత్రం ఇక్కడ రాస్తున్నాం.

మన ఊళ్లలో బాత్రూము గోడ అంటే ఇటుక, దాని మీద సిమెంటు ప్లాస్టరింగు, ఆపైన టైలు. నేలకు వాటం, మూలన నీళ్లు పోయే జాలీ ఉంటాయి. గోడ తడిసినా కుళ్లేది ఏమీ లేదు, నేల మీద పడ్డ నీళ్లు జాలీలోకే పోతాయి. అమెరికా ఇంట్లో టైలు వెనక ఉండేది స్టడ్లు అనే నిలువు చెక్కలు, వాటికి కొట్టిన బోర్డు. నేలలో జాలీ ఉండదు. టబ్బు దాటి బయటపడిన ప్రతి చెంబెడు నీళ్లూ చెక్కలోకి దారి వెతుక్కుంటాయి. "టైల్సు వేసి ఉన్నాయిగా, నీళ్లు ఎలా దిగుతాయి?" అని ఈ ఇంటివాళ్లు అడిగిన ప్రశ్న ఆ తేడా తెలియక వచ్చిందే. టైలు గానీ మధ్యలో నింపే గ్రౌటు గానీ నీటిని పూర్తిగా ఆపవు. ఆపాల్సింది వాటి వెనక ఉండే పొర.

సమస్య

కింద భోజనాల గది సీలింగు మీద పళ్లెం అంత గోధుమరంగు మరక. మూడేళ్లలో అది మూడోసారి. ప్రతిసారీ మరకను కప్పే ప్రైమర్ కొట్టి రంగు వేయించారు, కొన్ని నెలలు బాగానే ఉండి మళ్లీ తేలింది.

మేం వెళ్లేసరికి మూడు రిపేర్లు అయిపోయాయి. మొదట ప్లంబరు టబ్బు ఓవర్‌ఫ్లో (టబ్బు నిండితే నీళ్లు పోయే రంధ్రం) వాషరు, డ్రెయిన్ అడుగుభాగం మార్చాడు. తర్వాత ఒకరు టబ్బు చుట్టూ సందు పూడ్చే పాత కాకింగ్ తీయకుండా దాని మీదే కొత్తది పట్టించి, గ్రౌటుకు సీలర్ పూశారు. ఆఖరున ఇంకొక కాంట్రాక్టరు కింది రెండు వరసల టైల్సు ఊడగొట్టి, అంతమేర సిమెంట్ బోర్డు వేసి కొత్త టైల్సు అంటించాడు.

ఇంటివాళ్లు చెప్పినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది తేదీలు. ఫోన్లోని ఫోటోల ప్రకారం మరక మూడుసార్లూ పెద్దవాళ్లు వచ్చి ఉన్న నెలల్లోనే కనబడింది. పైపు కారితే మనిషిని చూసి కారదు. కాబట్టి తేడా వాడకంలో ఉండాలి. ఎలా స్నానం చేస్తారో అడిగితే పెద్దావిడ చెప్పారు: "షవరు కింద నిలబడితే స్నానం చేసినట్టే ఉండదు బాబూ. బకెట్టు పట్టుకుని, పీట మీద కూర్చుని, చెంబుతో పోసుకుంటాను. ఆదివారం తలంటు."

లీకు వెతికిన తీరు

ముందు భోజనాల గది సీలింగులో మరక ఉన్న చోట అడుగు చదరం మేర కోసి తెరిచాం. ఎలాగూ పాడైన ముక్కే, పైన ఏం చేసినా ఫలితం అక్కడే కంటికి కనిపిస్తుంది. తర్వాత పరీక్షలు ఒక్కొక్కటిగా, మధ్యలో ఆరనిస్తూ చేశాం. అన్నీ కలిపి చేస్తే ఏ దారిన దిగిందో తేలదు.

ఇంట్లో అన్ని కుళాయిలూ కట్టేసి వాటర్ మీటరు చూశాం. అరగంట పాటు ముల్లు కదలలేదు. అంటే ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే పైపులు బాగున్నాయి. షవరు తలకు ఎక్కే పైపు ఇందులోకి రాదు, షవరు తిప్పినప్పుడే అందులో నీళ్లుంటాయి. అందుకని షవరు గొట్టం విప్పి, ఆ చోట బిరడా బిగించి, వాల్వు తెరిచి ఉంచాం. పొడిగానే ఉంది. టబ్బును ఓవర్‌ఫ్లో దాకా నింపి, ఆగి, ఒక్కసారిగా వదిలాం. 40 గాలన్ల నీళ్లంటే 330 పౌండ్ల పైమాటే. ఆ బరువుకు టబ్బు కుంగి సందు తెరుచుకునే రకం లీకు అయితే ఇక్కడే బయటపడేది, పడలేదు. కర్టెన్ వేసి షవరును మూడు గోడల మీదికీ ఇరవై నిమిషాలు కొట్టించినా కింద చుక్క పడలేదు.

సాధారణంగా ఇన్‌స్పెక్షన్ ఇక్కడితో ఆగిపోతుంది. మునుపటి ముగ్గురూ ఇంతకన్నా దూరం వెళ్లలేదు. ఈ పరీక్షలన్నీ షవరు స్నానాన్ని ఊహించుకుని పెట్టినవి. అమెరికాలో షవరు తల నిమిషానికి 2.5 గాలన్లకు, అంటే సుమారు తొమ్మిదిన్నర లీటర్లకు మించి వదలకూడదని కేంద్ర నిబంధన. ఆ నీళ్లు సన్నని ధారలుగా, పైనుంచి, కర్టెన్ లోపలే పడతాయి. చెంబు ఒక్క క్షణంలో లీటరు నీళ్లు విసురుతుంది. పీట మీద కూర్చున్న మనిషి భుజం ఎత్తు నుంచి ఆ నీళ్లు గోడ కింది భాగానికీ టబ్బు అంచుకూ తగులుతాయి. పైగా చెయ్యి ఆడాలని కర్టెన్ పక్కకు లాగి ఉంచుతారు.

కాబట్టి చెంబుతోనే పరీక్ష పెట్టాం. బకెట్టు కుళాయి కింద ఉంటుంది, మనిషి కుళాయి వైపు తిరిగి కూర్చుంటారు. భుజం మీదుగా పోసుకున్న నీళ్లు వెనక్కి, అంటే కుళాయికి ఎదురు గోడకు కొడతాయి. ఆ గోడా, టబ్బు బయటి అంచూ కలిసే మూల మీద చెంబుతో పోస్తూ వెళ్తే, పది నిమిషాల్లోపే కింద తెరిచిన సీలింగు దగ్గర నీటి బొట్టు దిగింది.

ఆ మూలను దగ్గరగా చూస్తే అంతా అర్థమైంది. టైలు టబ్బు అంచుతో సమంగా ఆగిపోయింది. అక్కడి నుంచి నేలదాకా టబ్బు ముందుముఖం పక్కన ఉన్న గోడ ముక్క రంగు వేసిన మామూలు డ్రైవాల్, అంటే జిప్సం బోర్డు. అడుగున రంగు పొక్కులు లేచింది, నొక్కితే వేలు లోపలికి దిగింది. రసమట్టం పెడితే టబ్బు అంచు ఆ మూలలో కొద్దిగా బయటికి వాలి ఉంది. లోపలికి జారాల్సిన నీళ్లు మూలన నిలిచి, బయటికి కారి, డ్రైవాల్‌ను తడిపి, టబ్బు ముందుముఖానికీ ఫ్లోరింగుకూ మధ్య సందులోంచి దిగుతున్నాయి. మూడు రిపేర్లలో ఒక్కటీ ఈ మూలను తాకలేదు.

తెరిచాక కనిపించింది

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. సీలింగు మరకకు కారణం ఈ మూల. దాన్ని మాత్రం బాగుచేసి వదిలేయవచ్చా? అందుకే ఆ గోడ కింది భాగం ముందు తెరిచాం. పాత బోర్డు గ్రీన్‌బోర్డు, అంటే పైన ఆకుపచ్చ కాగితం ఉన్న, తేమను కొంత ఓర్చుకునే జిప్సం. దాన్ని టబ్బు, షవరు గోడల్లో టైలు వెనక వాడటాన్ని అమెరికా నివాస భవనాల కోడ్ 2006 సంచికలో తీసేశారు. అంతకుముందు కట్టిన ఇళ్లలో ఇంకా చాలాచోట్ల అదే ఉంది. కాంట్రాక్టరు వేసిన కొత్త సిమెంట్ బోర్డు గట్టిగానే ఉంది, కానీ దానికి పైన గ్రీన్‌బోర్డు అంచు పిండిలా రాలింది. పాత టైల్సు పట్టి ఉంచిన జిగురు తడికి మళ్లీ మెత్తబడింది. పై వరసల గ్రౌటులోంచి దిగిన నీళ్లు గ్రీన్‌బోర్డు లోపలే కిందికి జారి, ఆ అతుకు దగ్గర ఆగాయి. కింద ఎంత మంచి బోర్డు వేసినా, పై నుంచి కింది దాకా ఒకే పొర లేకపోతే నీళ్లు అతుకులో చేరతాయి. సగం గోడ రిపేరు పనిచేయనిది ఇందుకే.

మూల స్టడ్ మీద తేమ మీటరు 27 శాతం చూపింది, మిగతాచోట్ల 11, 12. చెక్కలో 20 శాతం దాటి తేమ నిలిస్తే కుళ్లు పట్టే వీలుంటుంది. బూజు మొత్తం ఆరు చదరపు అడుగుల్లోపే. టెక్సాస్‌లో ఒకేచోట 25 చదరపు అడుగులు, ఆపైన ఉంటే లైసెన్సున్న బూజు పనివాళ్లే చేయాలి, ఇక్కడ ఆ అవసరం రాలేదు. మూడు గోడలూ స్టడ్ల దాకా తీసేయాలని నిర్ణయించాం. ఉబ్బిన ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో నొక్కి చేసిన పలక) నేలముక్క కోసి అదే మందం ప్లైవుడ్ వేశాం. స్క్రూడ్రైవరు మొన దిగినంత మెత్తబడిన స్టడ్ పక్కన కొత్తది జతచేశాం. ఫ్యానూ డీహ్యూమిడిఫయరూ పెట్టి, అన్నిచోట్లా 15 శాతం లోపుకు వచ్చాకే గోడ మూశాం. దీనికి వారం పైనే పట్టింది. ఇంటివాళ్లకు తొందర ఉన్నా ఈ వారం మాత్రం తగ్గించకూడదు. తడి చెక్క మీద నీరు దాటని పొర వేస్తే తేమను లోపలే బంధించినట్టు అవుతుంది.

ఏ గోడ ఎంచుకోవాలి

ఇంటివాళ్లు మొదట అడిగింది పాత టైల్స్ మీదే అంటించే పల్చని ప్లాస్టిక్ ప్యానెళ్లు. ఒక్కరోజు పని, చవక. కుళ్లిన బోర్డును దాచడం తప్ప అవి ఇక్కడ చేసేదేమీ లేదు. పైగా చవకరకాల్లో చాలావాటికి పాలీస్టైరీన్ వాడతారు. ఆ ప్లాస్టిక్కుకు వంటనూనెల జిడ్డు పడదు. జిడ్డు నిలిచి, దానికి తోడు షీటు కాస్త వంగి బిగిసి ఉన్నచోట సన్నని పగుళ్లు వస్తాయి. వారానికోసారి నువ్వులనూనెతో తలంటుకునే ఇంటికి అది తగదు.

స్టడ్లకే నేరుగా బిగించే మందమైన అక్రిలిక్ లేదా కాంపోజిట్ మూడు ముక్కల సెట్టు నిజంగా మంచి మార్గం. గ్రౌటు ఉండదు, అతుకులు రెండే, తుడవడం తేలిక. కొత్త టబ్బుతో కలిపి వేసేటప్పుడు చాలా ఇళ్లకు మేం దీన్నే చెబుతాం. కానీ ఆ సెట్లు అదే కంపెనీ టబ్బు అంచుకు సరిపోయేలా అచ్చుపోసినవి. ఇక్కడ ఎనామెల్ టబ్బు నిక్షేపంగా ఉంది, దాన్ని తీయాలంటే నేలా ప్లంబింగూ కదపాలి. స్టడ్లు నిలువులో మూడెనిమిదో వంతు అంగుళం తేడా ఉన్నాయి, అచ్చుముక్క దాన్ని భరించదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ముక్కలు టబ్బు అంచు దగ్గరే ఆగిపోతాయి. ఈ ఇంట్లో లీకు మొదలైంది ఆ అంచు బయటే.

కాబట్టి నీరు ఆపే పొర, దాని మీద పోర్సిలెన్ టైలు, సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌటు ఎంచుకున్నాం. ఎపాక్సీకి కారణం పసుపు. సున్నిపిండిలో, నలుగులో పసుపు ఉంటుంది. పసుపు సున్నంలో కలిస్తే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇంటికీ తెలుసు. సిమెంటు గ్రౌటు కూడా సున్నం లాగే క్షారగుణం ఉన్నది, పైగా పీల్చుకుంటుంది. అందులో నూనెతో కలిసిన పసుపు దిగితే ఇటుకరంగు మరక పడుతుంది, రుద్దితే పోదు. ఎపాక్సీ పీల్చుకోదు. ధర ఎక్కువ, పని వేగంగా చేయాలి, అయినా ఈ వాడకానికి అదే సరైనది.

వేసిన పద్ధతి

గోడలు టబ్బు నుంచి 8 అడుగుల సీలింగు దాకా, దాంతోపాటు టబ్బు అంచు దాటి 3 అంగుళాల వెడల్పున నేల వరకూ దిగే రెండు కాళ్లు కలిపి సుమారు 72 చదరపు అడుగులు. కోతలకు పదోవంతు కలిపి 80 చదరపు అడుగుల టైలు తెచ్చాం: 12×24 అంగుళాలవి 40. అరంగుళం మందం, 3×5 అడుగుల సిమెంట్ బోర్డులు 6. మెంబ్రేన్, అంటే నీరు ఆపే పొరగా పూసే పూత, గాలనున్నరకు తగ్గకూడదు కాబట్టి రెండు గాలన్లు.

గోడ మూయకముందే రెండు పనులు. పెద్దవాళ్లు 15 అంగుళాల టబ్బు గట్టు దాటాలి. అందుకని నేల నుంచి 33, 36 అంగుళాల మధ్య పట్టుకునే కడ్డీ వచ్చేచోట స్టడ్ల మధ్య 2×8 చెక్క అడ్డంగా బిగించాం. తర్వాత గుర్తొస్తే గోడ మళ్లీ తెరవాలి. రెండోది, షవరు వాల్వు లోతు. దాని మీదుండే ప్లాస్టిక్ తొడుగు మీది గీతలు పూర్తయిన టైలు ఎక్కడికి రావాలో చూపుతాయి. బోర్డు, టైలు మందం కలిపి ఆ గీతల మధ్య పడుతోందో లేదో ముందే కొలవాలి.

స్టడ్లకు సన్నని పట్టీలు కొట్టి తిన్నగా చేశాం. 15 అంగుళాలు మించిన టైలుకు గోడ 10 అడుగుల్లో ఎనిమిదోవంతు అంగుళం కన్నా హెచ్చుతగ్గు ఉండకూడదు. బోర్డుకు 8 అంగుళాలకో స్క్రూ. బోర్డు వెనక ప్లాస్టిక్ షీటు వెయ్యలేదు. ముందు మెంబ్రేన్, వెనక ప్లాస్టిక్ రెండూ ఉంటే మధ్యలో చేరిన తేమకు పోయే దారి ఉండదు. రెండిట్లో ఒకటే ఉండాలి.

టబ్బు దగ్గర వివరం నిదానంగా చేయాలి. టబ్బుకు గోడవైపు అంగుళం ఎత్తున లేచిన అంచు, అంటే ఫ్లాంజ్, ఉంటుంది. బోర్డు దానికి పావంగుళం పైన ఆగాలి, టబ్బు మీద కూర్చోకూడదు, కూర్చుంటే అడుగు నుంచి నీళ్లు పీలుస్తుంది. ఆ సందును సీలెంటుతో నింపి, బోర్డునూ ఫ్లాంజ్‌నూ కలిపేలా వాటర్‌ప్రూఫ్ పట్టీ అంటించాం. బోర్డు అతుకులకు క్షారాన్ని తట్టుకునే మెష్ టేపు, థిన్‌సెట్ (టైల్స్ అంటించే సిమెంటు ముద్ద). ఆపైన మెంబ్రేన్ రెండు కోట్లు, రెండోది మొదటిదానికి అడ్డదిశలో. ఆరాక టార్చిలైటు ఏటవాలుగా పట్టి చూస్తే సూదిరంధ్రాలు కనబడతాయి, వాటిని మళ్లీ పూశాం. కాళ్ల మీద కూడా నేలదాకా ఇదే పూత. టబ్బు ముందుముఖం గోడను తాకేచోట సీలెంటు.

టైల్స్ ముందే, కింద సీలింగు ఇంకా తెరిచి ఉండగానే, చెంబు పరీక్ష మళ్లీ చేశాం. పొడిగా ఉంది.

తడి చోట టైలు వెనక థిన్‌సెట్ 95 శాతం అంటుకోవాలి. మొదట్లో ఒకటి రెండు టైల్సు ఊడదీసి వెనక చూసుకోవాలి, బోలు ఉంటే గరిటె పళ్ల సైజు పెంచాలి. పొడవు టైల్స్ సగానికి సగం జరిపి పేరిస్తే నడుమ వంపు పైకి తేలుతుంది. మూడోవంతుకు మించి జరపకూడదు. టైలు టబ్బుకు ఎనిమిదోవంతు అంగుళం పైన ఆపాం. ఎపాక్సీని సగం డబ్బాచొప్పున కలిపి, ఒక గోడ పూర్తిగా కడిగాకే రెండోదానికి వెళ్లాలి. మూలల్లోనూ టబ్బు గీతలోనూ గ్రౌటు వద్దు, చెక్క ఇల్లు కదులుతుంది, అక్కడ సిలికాన్ ఉండాలి. టబ్బును నీళ్లతో నింపి, కుంగి ఉన్న స్థితిలోనే సిలికాన్ పట్టించి, అది గట్టిపడ్డాక నీళ్లు వదిలాం. తెల్ల సిలికాన్ పసుపు పీల్చి పచ్చబడుతుంది కాబట్టి లేత గోధుమ రంగు తీసుకున్నాం.

టబ్బు బయటి మూలల్లో త్రికోణపు స్ప్లాష్ గార్డులు సిలికాన్‌తో అంటించాం. ఎదురుమూల వాలును టబ్బు తీయకుండా సరిచేయలేం, ఆ చిన్న ముక్క నీళ్లను లోపలికి తిప్పుతుంది. చేతి షవరు కూడా పెట్టాం. అయినా పెద్దావిడ చెంబే వాడతారని లెక్కవేసుకునే గోడ కట్టాం. డెబ్భై ఏళ్ల అలవాటును మార్చుకోమనడం కన్నా గోడను దానికి తగ్గట్టు కట్టడం తేలిక, మర్యాద కూడా.

వాడకం, నిర్వహణ

తలంటు అయిన వెంటనే గోడకూ టబ్బు అంచుకూ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి మెత్తటి గుడ్డతో తుడవాలి. నూనె పొర ఉండగా ఉత్త నీళ్లు పోస్తే సున్నిపిండి దానికే అంటుకుని, తర్వాత బూజుకు ఆహారం అవుతుంది. పీచు, పొడి క్లీనర్లు టబ్బు ఎనామెల్ మెరుపును చెరిపేస్తాయి. ఉప్పునీటి తెల్లచారలకు పల్చని వెనిగర్ పోర్సిలెన్, ఎపాక్సీల మీద ఫరవాలేదు, కానీ ఎనామెల్ మీద నిలవనీయకూడదు. మార్బుల్, సిమెంటు గ్రౌటు ఉన్న ఇళ్లలో వెనిగర్ అసలు వాడొద్దు, రెండిటినీ తినేస్తుంది. డ్రెయిన్‌కు సన్న జాలీ పెట్టి, కుంకుడు పిప్పి, సున్నిపిండి చేత్తో తీసేయాలి. ఫ్యాను స్నానమయ్యాక ఇరవై నిమిషాలు తిరగాలి. దాని గొట్టం అటకలోకి కాకుండా ఇంటి బయటికి వెళ్తోందో లేదో ఒకసారి చూసుకోవాలి.

ఆరునెలలకోసారి సిలికాన్ గీత వెంట వేలితో నొక్కుకుంటూ వెళ్లాలి. ఎక్కడ లేచినా, ఆ ముక్కకు పైపూత వేస్తే ప్రయోజనం లేదు, పాత సిలికాన్‌కు కొత్తది అతుక్కోదు. ఆ గీత మొత్తం ప్లాస్టిక్ గీకుడుబద్దతో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రాత్రి ఆరనిచ్చి, టబ్బు నింపి, ఒకే ధారగా వేయాలి.

కింద సీలింగు రంధ్రాన్ని వెంటనే మూయలేదు. తీసి పెట్టుకునే పలక ఒకటి స్క్రూలతో బిగించి ఉంచాం. పెద్దవాళ్లు మళ్లీ వచ్చి, వాళ్ల పద్ధతిలోనే రెండు నెలలు స్నానాలు చేశాక పలక విప్పి మీటరు పెడితే, ఆ మూల స్టడ్ 12 శాతం చూపింది. డ్రైవాల్ ముక్క వేసి, రంగు వేసి, పని అప్పుడు ముగించాం.